కాశీ దారిలో కారు మొరాయిస్తే: బెజవాడ నుంచి బయలుదేరే స్నేహితులకు

విజయవాడ నుంచి కాశీకి కారులో దాదాపు 1,500 కిలోమీటర్లు. హైదరాబాద్ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి 44 మీద నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, సివనీ. ఆ పైన జబల్‌పూర్, రీవా, మిర్జాపూర్. నలుగురు స్నేహితులు, ఒక కారు, రానుపోను వారం రోజులు అనుకుందాం. ఇంత దూరంలో బండి ఎక్కడో ఒకచోట పేచీ పెట్టొచ్చు.

దానికోసం మీరు మెకానిక్ పని నేర్చుకోనక్కర్లేదు. ఒక్కటి తేల్చుకోగలిగితే చాలు: బండి ఇప్పుడే ఆపాలా, పక్క ఊరిదాకా మెల్లగా పోవచ్చా, ఇంటికొచ్చాక చూసుకోవచ్చా. దారిలో పడే పెద్ద బిల్లులు చాలావరకు లోపం వల్ల వచ్చేవి కావు. లోపం కనిపించాక కూడా "ఇంకో ఇరవై కిలోమీటర్లేగా" అని నడపడం వల్ల వచ్చేవి. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తిరిగే పైపు పగిలితే ఖర్చు వందల్లో ఉంటుంది. పగిలిన పైపుతో నడిపితే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దించాల్సి వస్తుంది, అప్పుడు లెక్క వేలల్లోకి పోతుంది.

ప్రయాణానికి పది రోజుల ముందు

బండిని ప్రయాణం ముందురోజు సర్వీసుకు ఇవ్వకండి. మనవాళ్లు చాలామంది చేసేది అదే. సాయంత్రం ఏడింటికి బండి చేతికొస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి కూర్చుంటారు, సరిగా బిగించని క్లాంపు సంగతి నందిగామ దాటాక తెలుస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో అయినా, ఆటోనగర్‌లో మీకు అలవాటైన మెకానిక్ దగ్గరైనా పది రోజుల ముందే పని పూర్తి చేయించండి. తర్వాత ఒక ఆదివారం నలుగురూ ఎక్కి, డిక్కీ నింపి, ఏసీ వేసుకుని సూర్యలంక బీచ్ దాకా వెళ్లి రండి. రానుపోను 150 కిలోమీటర్ల పైమాటే. ఖాళీ బండిలో బెంజ్ సర్కిల్ చుట్టూ తిరిగితే కనపడని లోపం నిండు బరువుతో హైవే ఎక్కితే బయటపడుతుంది. తిరిగొచ్చాక బండి కింద నేల చూడండి. ఏసీ నీళ్లు కారడం మామూలే. రంగుతో, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్.

మెకానిక్ దగ్గర నిలబడి ఇవి చూపించుకోండి:

1. ఇంజిన్ వేడెక్కేదాకా నడవనిచ్చి, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మీ కళ్లతో చూడండి. కూలెంట్ పైపులు ఉబ్బి ఉన్నా, చివర్లలో పగుళ్లున్నా మార్పించండి.
2. బెల్టు లోపలివైపు పగుళ్లు ఉన్నాయేమో చూపించమనండి.
3. బ్యాటరీకి మూడేళ్లు దాటితే లోడ్ టెస్ట్ చేయించండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. అంతకన్నా తక్కువ చూపిస్తే ఆల్టర్నేటర్ సరిగా ఛార్జ్ చేయడం లేదని అనుమానించాలి.
4. టైరు పక్కన అచ్చువేసిన కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3521 అని ఉంటే ఆ టైరు 2021లో 35వ వారంలో తయారైంది. స్టెప్నీ మీద కూడా ఇది చూడండి. డిక్కీలో కొత్తదానిలా మెరిసే స్టెప్నీకి తొమ్మిదేళ్లు నిండి ఉండొచ్చు.
5. బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్.

ఈ పది రోజుల్లో కొత్త లైట్లు, కొత్త మ్యూజిక్ సిస్టమ్, పెద్ద హారన్ లాంటివి పెట్టించుకోకండి. వైరింగ్ కోసి అతికించిన బండితో ఊరు దాటడం మంచిది కాదు.

సామాన్లలో జాకీ, వీల్ స్పానర్, జంపర్ కేబుళ్లు, టైర్లో గాలి కొట్టే చిన్న కంప్రెసర్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, ఎర్ర త్రికోణం, టార్చి, రెండు లీటర్ల కూలెంట్, లీటరు ఇంజిన్ ఆయిల్, నాలుగైదు ఫ్యూజులు, మందపాటి గుడ్డ, చేతికి తొడుగులు ఉండాలి. తాగే నీళ్లు కాక ఇంకో ఐదు లీటర్లు వేరే క్యానులో పోసుకోండి. అలాయ్ చక్రాలున్న కొన్ని బండ్లకు దొంగతనం జరక్కుండా ప్రత్యేకమైన నట్టు వేస్తారు. దాని తాళం లాంటి ముక్క లేకపోతే స్టెప్నీ ఉండీ లాభం లేదు. అది ఎక్కడుందో బయలుదేరకముందే వెతకండి.

ఇన్సూరెన్స్ పాలసీ తీసి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో, ఉంటే ఎన్ని కిలోమీటర్ల దాకా బండిని లాక్కెళ్తారో చదవండి. ఆ ఫోన్ నంబరు, పాలసీ నంబరు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టండి. ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్‌లో చూపిస్తే చెల్లుతాయి గానీ, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే డిజిలాకర్ కూడా తెరుచుకోదు.

దారి సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కుంట, సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా 30వ నంబరు రహదారి కూడా జబల్‌పూర్, రీవాలకే చేరుస్తుంది. అందమైన దారి. కానీ కుంట నుంచి జగదల్‌పూర్ మధ్య అడవి ఎక్కువ, పెద్ద వర్క్‌షాపులు తక్కువ, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. బండి పాతదైనా, ఇది మీ మొదటి దూర ప్రయాణమైనా 44 మీదే వెళ్లమంటాను.

బండి ఆగిన మొదటి ఐదు నిమిషాలు

ఏ లోపమైనా సరే, ముందు మనుషుల సంగతి చూడాలి. వేగం ఉండగానే బండిని వీలైనంత ఎడమకు, తెల్లగీత దాటించి దించండి. వంపులో, వంతెన మీద ఆపాల్సి వచ్చేలా ఉంటే, ఇంజిన్ తట్టుకునేలా ఉంటే, ఇంకో వంద మీటర్లు పోయి తిన్నటి రోడ్డు మీద ఆపండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి. అందరూ ఎడమ తలుపుల్లోంచి దిగి రోడ్డంచున ఉండే ఇనుప క్రాష్ గార్డు అవతలకు వెళ్లి నిలబడండి. బండి వెనక నిలబడి సెల్‌ఫోన్ చూసుకోవడం, బండి లోపల కూర్చుని ఏసీ వేసుకోవడం రెండూ వద్దు. రాత్రిపూట నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవరుకు ఆగి ఉన్న కారు కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది.

ఒకరు టార్చి పట్టుకుని రోడ్డు అంచున వెనక్కి నడిచి, యాభై మీటర్లకు తగ్గకుండా త్రికోణం పెట్టిరావాలి. ఎక్స్‌ప్రెస్ వేగంతో బండ్లొచ్చే చోట ఇంకా దూరం పెట్టండి. చెట్టుకొమ్మలు, రాళ్లు పెడితే వెళ్లేటప్పుడు తీసేయడం మర్చిపోకండి. అవి వెనకొచ్చే బైకువాడి ప్రాణం మీదకు తెస్తాయి.

తర్వాత పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె, చివరగా దాటిన టోల్‌గేటు పేరు రాసుకోండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033. పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ కోసం ఏ రాష్ట్రంలోనైనా ఇదే నంబరు. దెబ్బలు తగిలినా, చోటు భయంగా అనిపించినా 112కి చేయండి.

వేడి ముల్లు పైకి లేస్తే

ఎండాకాలంలో బెజవాడ నుంచి బయలుదేరేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా తెలుసుకోవాల్సింది ఇంజిన్ వేడెక్కడం గురించే. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు, విదర్భ మనకేం తీసిపోదు. అందుకే వేసవిలో నాలుగింటికే బయలుదేరి సూర్యాపేటలో టిఫిన్ చేసేలా చూసుకుంటే బండికీ మంచిది, మనిషికీ మంచిది.

డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి కదిలినా, ఎర్ర థర్మామీటర్ గుర్తు వెలిగినా, నడుస్తుండగా ఏసీలోంచి ఒక్కసారిగా వేడిగాలి వచ్చినా అనుమానించండి. ఇంజిన్ బాగా వేడెక్కితే చాలా కార్లు ఏసీ కంప్రెసర్‌ని వాటంతటవే ఆపేస్తాయి. బండి ఆపడానికి చోటు దొరికేదాకా ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తి వేడికి తిప్పి ఫ్యాన్ గట్టిగా పెట్టండి. మండుటెండలో హీటర్ వేయమంటే వెనక సీట్లోవాళ్లు తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. ఇంజిన్ వేడిలో కొంత హీటర్ గుండా బయటికి పోతుంది, రెండు మూడు నిమిషాలు కలిసొస్తాయి. అది బండి పక్కకు తీయడానికే. అలాగే ప్రయాణం సాగించడానికి కాదు.

ఆపాక ఇలా చేయండి:

1. బోనెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే ఇంజిన్ వెంటనే ఆపండి, బోనెట్ ఎత్తకండి. ఆవిరి తగ్గాక ఎత్తండి. ఆవిరి లేకపోతే ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచండి. చాలా బండ్లలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.
2. కనీసం 30 నుంచి 45 నిమిషాలు ఆగండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకండి. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగదు, మూత తీసిన క్షణంలో మరిగి మొహం మీదకు ఎగజిమ్ముతుంది. ఈ కాలిన గాయాలు చిన్నవి కావు.
3. రేడియేటర్ పై గొట్టాన్ని మందపాటి గుడ్డతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఒత్తిడి ఇంకా ఉన్నట్టే. మెత్తగా అణిగితేనే మూత మీద గుడ్డ వేసి, కొద్దిగా తిప్పి, గాలి పోనిచ్చి, అప్పుడు పూర్తిగా తీయండి.
4. కూలెంట్ తగ్గి ఉంటే మెల్లగా పోయండి. కూలెంట్ లేకపోతే తాగే నీళ్ల బాటిళ్లు పోయొచ్చు. బోరు నీళ్లు వేరే దారి లేనప్పుడే. వేడి ఇంజిన్లో చల్లనీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు.
5. స్టార్ట్ చేసి, ముల్లు చూస్తూ, కింద ఎక్కడైనా కారుతోందేమో ఒకరిని చూడమనండి.

ఇక కారణం. ట్రాఫిక్‌లో, టోల్‌గేటు వరుసలో వేడెక్కి, హైవే ఎక్కగానే దిగిపోతే ఫ్యాన్ పనిచేయడం లేదు. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఫ్యూజు చూడండి. ఫ్యూజు బాగుంటే ఫ్యూజు పెట్టెలో ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్, ఉంటుంది. కొన్ని బండ్లలో హారన్ రిలే కూడా అదే రకం, అదే అంకెలు ఉంటాయి. రెండూ ఒకటేనని ఖాయం చేసుకుని అటుదిటు మార్చి చూడండి. హారన్ లేకుండా కొంతదూరం నడపొచ్చు, ఫ్యాన్ లేకుండా పట్టణంలోకి దూరలేం. ఇందుకు భిన్నంగా హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే కూలెంట్ సరిగా తిరగడం లేదని అర్థం: రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ ఇరుక్కుపోయి ఉండొచ్చు, నీళ్ల పంపు పోయి ఉండొచ్చు.

పైపు పగిలి కారుతుంటే, ఇంజిన్ చల్లారాక పగిలిన చోట గట్టిగా టేపు చుట్టి, రేడియేటర్ మూత వదులుగా పెట్టి, నెమ్మదిగా పది కిలోమీటర్ల లోపు ఊరికి చేరుకోవచ్చు. మూత వదులుగా ఉంటే ఒత్తిడి పెరగదు కాబట్టి టేపు కొంతసేపు నిలుస్తుంది. అయితే కూలెంట్ మరిగి పొంగిపోతుంది కనుక మాటిమాటికీ ఆగి నీళ్లు పోయాలి.

రెండు సందర్భాల్లో మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. మొదటిది, ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీది ఆయిల్ పాలు పోసిన కాఫీలా కనిపించినా, సైలెన్సర్లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వచ్చినా. అది హెడ్ గాస్కెట్, అంటే హెడ్ కింద కూలెంట్, ఆయిల్ కలవకుండా ఆపే పలుచటి రేకు, పోయిన గుర్తు. రెండోది, ఎర్రగీత దాకా లేచిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోతే. "చల్లారిందిరా" అనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు: కూలెంట్ మొత్తం పోయి, వేడిని కొలిచే సెన్సర్ ఖాళీలో ఉంటుంది, అందుకే తక్కువ చూపిస్తుంది. ఇంజిన్ మాత్రం మాడుతూనే ఉంటుంది.

డ్యాష్‌బోర్డు లైట్లు

ఎరుపు వెలిగితే ఆపడం, పసుపు వెలిగితే చూపించుకోవడం. ఈ ఒక్కటి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎర్ర ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే చోటు వెతుక్కుంటూ పోకండి, అప్పటికప్పుడు పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఆయిల్ ఒత్తిడి లేని ఇంజిన్ నిమిషాల్లో పట్టేస్తుంది. సమతలం మీద పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. తగ్గితే పోయండి. మట్టం సరిగా ఉండి కూడా లైటు పోకపోతే క్రేన్ పిలవాల్సిందే. గుంతల రోడ్డు మీద అడుగున పెద్ద రాయి తగిలిన చప్పుడు వస్తే లైటు వెలిగేదాకా ఆగకుండా దిగి ఆయిల్ చాంబర్ కింద చూడండి.

పసుపు ఇంజిన్ గుర్తు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే పోతుంటే పక్క పట్టణం దాకా పోవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే ఏదో సిలిండర్ మండటం లేదు. కాలని పెట్రోల్, పొగని శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, కాబట్టి ఆపండి. ఓబీడీ స్కానర్ అనే చిన్న పరికరం ఆన్‌లైన్లో దొరుకుతుంది, స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌తో కలిపితే లోపం కోడ్ చూపిస్తుంది. పి0301 అంటే మొదటి సిలిండర్ మండటం లేదు, పి0217 అంటే ఇంజిన్ అతిగా వేడెక్కింది. ఆ కోడ్ స్క్రీన్‌షాట్ మీ ఊరి మెకానిక్‌కి వాట్సాప్ చేస్తే, ఆదిలాబాద్‌లో ఉన్న మీకు ఆటోనగర్ నుంచే సలహా దొరుకుతుంది.

ఎరుపుకి ఒక మినహాయింపు బ్యాటరీ గుర్తు. అది నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ ఆగిపోయింది. ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జర్లు ఆపి, పగలైతే ఇంజిన్ ఆపకుండా దగ్గరి పట్టణానికి పోండి. కానీ దానితోపాటు వేడి ముల్లు కూడా లేస్తుంటే బెల్టు తెగింది. చాలా ఇంజిన్లలో అదే బెల్టు నీళ్ల పంపుని కూడా తిప్పుతుంది కాబట్టి ఆపేయండి.

సెల్ఫ్ కొట్టకపోతే

పొద్దున్నే డాబా ముందు తాళం తిప్పితే టిక్ టిక్ అని చప్పుడొచ్చి, లైట్లు మసకబారితే బ్యాటరీ. లైట్లు బాగానే వెలిగి ఒకే ఒక్క టక్ వినిపిస్తే స్టార్టర్ మోటార్. ఆటోమేటిక్ కారైతే గేరు పార్క్‌లో ఉందో లేదో, బ్రేకు పూర్తిగా తొక్కారో లేదో ముందు చూడండి. బటన్ స్టార్ట్ బండిలో తాళం గుర్తించడం లేదని వస్తే తాళంలోని చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. తాళాన్ని బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి.

మాన్యువల్ గేరు బండిని ముగ్గురు నెడితే స్టార్ట్ అవుతుంది: తాళం ఆన్, రెండో గేరు, క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందుకోగానే వదలాలి. ఆటోమేటిక్‌ని నెట్టి స్టార్ట్ చేయలేం.

జంపర్ కేబుల్ వేసే వరుస:

1. రెండు బండ్లూ తాకకుండా నిలిపి ఇంజిన్లు ఆపాలి.
2. ఎర్ర కేబుల్ ఒక కొస పోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి.
3. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస మీ బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా.
4. మంచి బండిని ఐదు నిమిషాలు నడవనిచ్చి మీది స్టార్ట్ చేయండి. తీసేటప్పుడు ఇదే వరుస తలకిందులుగా.

హైవే మీద ముందుగా సాయానికి వచ్చేది లారీవాళ్లే. చాలామంది మంచివాళ్లు, వద్దన్నా ఆగుతారు. కానీ లారీలో ఉండేది 24 వోల్టుల వ్యవస్థ, కారుది 12. లారీ నుంచి నేరుగా జంప్ ఇస్తే కారులోని కంప్యూటర్లు పోతాయి. ఆయనకు దండం పెట్టి ఇంకో కారు కోసం ఆగండి.

టైరు

మేకు దిగిన ట్యూబ్‌లెస్ టైర్లోంచి మేకు పీకకండి. కంప్రెసర్‌తో గాలి కొట్టుకుంటూ పంక్చర్ షాపు దాకా పోవచ్చు. నడుస్తుండగా టైరు పేలితే బ్రేకు మీద కాలు పెట్టకుండా, స్టీరింగ్ రెండు చేతులా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేయండి. వేగం దానంతటదే తగ్గాక పక్కకు తీయండి.

టైరు మార్చడంలో చాలామంది తప్పే వరుస ఒకటుంది. బండి ఎత్తాక నట్లు విప్పబోతే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. చక్రం నేల మీద ఉండగానే నట్లు అరచుట్టు వదులు చేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, మూలగా ఎదురున్న చక్రానికి రాళ్లు అడ్డం పెట్టి, మాన్యువల్‌లో చూపిన చోటే జాకీ ఆనించి ఎత్తండి. విప్పిన టైరుని బండి అంచు కిందికి తోయండి, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. స్టెప్నీ పెట్టాక నట్లు ఒకదాని పక్కన ఒకటి కాక, ఎదురెదురుగా బిగించాలి. 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి. స్టెప్నీ మిగతా టైర్లకన్నా చిన్నదైతే దాని మీద 80 అని రాసి ఉంటుంది, అంతకు మించి వేగం వద్దు. ఎండలో గంటలకొద్దీ నడిపి ఆపిన టైర్లో గాలి ఎక్కువ చూపిస్తే తీసేయకండి. వేడికి పెరిగినది, చల్లారితే దానంతటదే దిగుతుంది.

నీళ్లు, ఘాట్లు, బంకు

2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదకు నీళ్లొచ్చాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లో కార్లు మునిగిపోయాయి. నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లోకి చేరిన నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు పాలసీలో దీనికి సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి.

30వ నంబరు దారిన వెళ్తే కాంకేర్‌కి ముందు కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు దిగాలి. అదే రోడ్డు ఎక్కాలంటే ఏ గేరు వాడతారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు పెడల్ మెత్తబడి కాలిన వాసన వస్తే ఆగి అరగంట చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్లు పోయకండి.

నలుగురు మార్చి మార్చి నడిపేటప్పుడు బంకులో తప్పు ఇంధనం పడే ప్రమాదం ఉంది. ట్యాంకు మూత మీద డీజిల్ లేదా పెట్రోల్ అని పెద్దగా రాసి అంటించండి. తప్పు పడితే తాళం ఆన్ కూడా చేయకుండా బండిని పక్కకు నెట్టించి ట్యాంకు ఖాళీ చేయించండి. స్టార్ట్ చేస్తేనే నష్టం.

క్రేన్, మెకానిక్, విడిభాగం

క్రేన్ వచ్చిందంటే ఖర్చు మొదలైనట్టే. ఇన్సూరెన్సు వాళ్లదైతే ఎంత దూరం ఉచితమో మళ్లీ అడగండి. ప్రైవేటుదైతే కొక్కెం తగిలించకముందే ఎక్కడికి, ఎంత అన్నది మాట్లాడుకుని, ఆ మాట ఫోన్లో మెసేజ్‌గా పెట్టించుకోండి. ఆటోమేటిక్ బండి, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి, ఎలక్ట్రిక్ బండి అయితే మొత్తాన్ని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే కావాలని పట్టుబట్టండి. లాక్కెళ్తే గేర్‌బాక్సు పాడవుతుంది. బండి నాలుగు వైపులా ఫొటోలు, మీటరు రీడింగ్ ఫొటో తీసి, బ్యాగులు దించుకుని అప్పుడు అప్పగించండి.

ఏ లోపానికి ఎవరి దగ్గరికి? పంక్చర్, బ్యాటరీ, బెల్టు, కూలెంట్ పైపు, ఫ్యాన్, పాత మోడల్ క్లచ్ ప్లేట్లు, ఇవన్నీ రోడ్డు పక్క మెకానిక్ చేయగలడు, చాలాసార్లు కంపెనీవాళ్లకన్నా త్వరగా చేస్తాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు, డీజిల్ ఇంజెక్టర్లు, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్ల పొగ ఫిల్టర్ అయితే పెద్ద ఊళ్లో కంపెనీ వర్క్‌షాపుకే పోవాలి. నిర్మల్‌లో ఆగితే వెనక్కి నిజామాబాద్, ఆదిలాబాద్ దాటితే ముందుకు నాగ్‌పూర్, ఆ పైన జబల్‌పూర్ గుర్తుపెట్టుకోండి.

మెకానిక్‌తో ఒక్కరే మాట్లాడండి. ఆదిలాబాద్ దాటాక హిందీ బాగా వచ్చినవాడికే ఆ పని ఇవ్వండి. "ఫ్యాన్ పోయింది" అని మీరే రోగం చెప్పకండి. చెప్తే ఫ్యాన్ మార్చి డబ్బు తీసుకుంటాడు, లోపం అలాగే ఉంటుంది. ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంలో, ఏ చప్పుడు, ఏ లైటు, ఇవి చెప్పండి. విప్పకముందే చూసినందుకు ఎంత, బాగుచేస్తే ఎంత అని అడగండి. పాత విడిభాగం తిరిగి తీసుకోండి. "ఇంజిన్ దించాలి" అన్న మాట వినిపిస్తే మాత్రం అక్కడితో ఆగి ఇంకొకరికి చూపించండి.

విడిభాగం ఆ ఊళ్లో దొరకకపోతే, తెలుగు రాష్ట్రాల్లో ఉన్నంతవరకు మనకో సౌకర్యం ఉంది. ఆర్సీ ఫొటో, ఛాసిస్ నంబరు, పాత భాగం మీద అచ్చువేసిన నంబరు ఆటోనగర్‌లో తెలిసిన షాపుకి పంపితే, వాళ్లు సరిపోల్చి ఆర్టీసీ కార్గోలోనో ట్రావెల్స్ బస్సులోనో వేస్తారు. ఆటోనగర్‌లో ఎవరూ తెలియకపోతే ప్రయాణానికి ముందు సర్వీస్ చేసిన మెకానిక్‌ని అడగండి, అందుకోసం అతని నంబరు బయలుదేరకముందే తీసుకుని ఉంచుకోండి. పార్సిల్ ఏ డిపోలో ఏ టైముకు దిగుతుందో, రసీదు నంబరేమిటో అప్పుడే వాట్సాప్‌లో తెప్పించుకోండి. నాగ్‌పూర్ దాటాక ఈ తతంగం అక్కర్లేదు, అక్కడి మార్కెట్లోనే దొరుకుతాయి.

నలుగురి మధ్య

బండి ఆగిన చోట గొడవలు బండి వల్ల రావు, డబ్బు వల్ల, "నేను ముందే చెప్పాను" అన్న మాట వల్ల వస్తాయి. కాబట్టి రెండు విషయాలు బయలుదేరకముందే టీ తాగుతూ తేల్చుకోండి.

మొదటిది ఖర్చు. నాకు న్యాయంగా అనిపించే పద్ధతి ఇది: అరిగిపోవడం వల్ల పోయిన వస్తువు, అంటే పాత బ్యాటరీ, పాత టైరు, క్లచ్ ప్లేట్లు, బండి యజమాని ఖాతా. కొత్తది ఆయన బండికే ఉంటుంది కదా. దారిలో తగిలిన దెబ్బ, అంటే పంక్చర్, అడుగున తగిలిన రాయి, క్రేన్, రాత్రి గది, నలుగురి ఖాతా. అతివేగం చలానా ఆ సమయంలో స్టీరింగ్ పట్టినవాడిది. కొంత నగదు చిన్న నోట్లలో ఒకరి దగ్గర ఉంచండి. యూపీఐ సిగ్నల్ లేనిచోట పనిచేయదు.

రెండోది, ఎప్పుడు వదిలేయాలన్నది. సాయంత్రం నాలుగు లోపు బండి తేలకపోతే గది తీసుకోవడం, మర్నాడు మధ్యాహ్నానికీ కాకపోతే బండిని వర్క్‌షాపులో వదిలి రైలెక్కడం అని ముందే అనుకోండి. నాగ్‌పూర్, జబల్‌పూర్ రెండూ పెద్ద స్టేషన్లు. నాగ్‌పూర్ నుంచి బల్లార్షా, కాజీపేట మీదుగా విజయవాడకు నేరుగా రైళ్లున్నాయి. ఒకరో ఇద్దరో బండి దగ్గర ఉండి మిగతావాళ్లు కాశీ చూసిరావడం కూడా తప్పు కాదు. దర్శనం టైము దాటిపోతుందని రాత్రంతా నడిపించడం మాత్రం వద్దు. రిపేరు కోసం పగలంతా ఎండలో నిలబడినవాడు రాత్రి రెండింటికి స్టీరింగ్ మీద తూలతాడు.

ఇంటికొచ్చాక

దారిలో రేడియేటర్లో నీళ్లు పోసి ఉంటే వారంలోగా మొత్తం ఖాళీ చేయించి, సరైన పాళ్లలో కూలెంట్ పోయించండి. వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. మార్చిన చక్రం నట్లు సరిగా బిగించారో లేదో బిగువు కొలిచే టార్క్ రెంచి ఉన్నచోట చూపించండి. బయటినుంచి రబ్బరు స్ట్రిప్పు గుచ్చి బాగుచేసిన టైరు ఉంటే దాన్ని విప్పి లోపలినుంచి ప్యాచ్ వేయించుకోండి. దారిలో వేసిన విడిభాగం పేరు, తేదీ, మీటరు రీడింగ్ సర్వీస్ పుస్తకంలో రాసి, బిల్లు దానికే పిన్ను పెట్టండి. బ్యాటరీ లాంటివాటి వారంటీ కొన్న ఊళ్లోనే కాక, ఆ కంపెనీ డీలరు ఉన్న చోట సాధారణంగా చెల్లుతుంది, బిల్లు ఉంటేనే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉంటే క్రేన్ రసీదు, ఫొటోలు అదే వారం పంపండి.